బటన్ నొక్కే ముందు చెప్పు, రాకెట్ ఎటు పోతది?

రెండు వారాల కింద ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, జర ఇంటిదాక రా. మీ బావ పోరని ఫోను గుంజుకున్నడు. రెండు దినాల సంది తండ్రీకొడుకులకు మాటల్లేవు" అంది.

మాది సుల్తానాబాద్. కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోతుంటే రాజీవ్ రహదారి మీద తగిలే రైస్ మిల్లుల ఊరు. బావ ఒక మిల్లులో మిషన్ ఆపరేటర్. అల్లుడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. నేను వెళ్లేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ ఆయన అంగీ జేబులో ఉంది. అల్లుడు లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సంగతి ఇదీ. కాలేజీలో పెట్టిన ఫిజిక్స్ పరీక్షలో వాడికి 60కి 17 వచ్చాయి. ఆ రాత్రే పదకొండు గంటలకు బావ మంచినీళ్లకు లేస్తే దుప్పటి కింద వెలుగు కనిపించింది. దుప్పటి లాగి చూస్తే ఫోన్‌లో రాకెట్ లేస్తోంది, కూలుతోంది. మళ్లీ లేస్తోంది, మళ్లీ కూలుతోంది.

"బామ్మర్దీ, నువ్వు గీ ఫోన్ల ముచ్చట్లే రాస్తవు గదా. నువ్వే చెప్పు. గిది సదువా, ఆటనా? వీడు సదువంటడు. ఆటయితే ఫోను అమ్ముత. వీణ్ని ఎంపీసీల కెల్లి తీసి సీఈసీల ఏస్త" అన్నాడు బావ.

లోపల్నుంచి అల్లుడి గొంతు వినిపించింది. "మామా, అది ఆర్బిట్ సిమ్యులేటర్. గేమ్ కాదని చెప్పు మామా."

నాకు వెంటనే జవాబు రాలేదు. ఇలాంటి యాప్‌లు నేనూ ఆడాను. వాటితో ఏం నేర్చుకున్నానో మాత్రం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. "వారం టైమియ్యి బావా" అని బయటపడ్డాను.

ఆ వారమంతా వీటిని వాడేవాళ్లను పట్టుకుని అడగడమే పని. అల్లుడు, వాడి ముగ్గురు దోస్తులు, ఇక్కడే ట్యూషన్ చెప్పే ఫిజిక్స్ సార్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు రాకెట్లు ఎగరేసే నా క్లాస్‌మేట్. ఎవరేమన్నారో చదవండి. మీ ఇంట్లోనూ ఇదే లొల్లి ఉండి ఉంటే పనికొస్తుంది.

అందరూ చేసే మొదటి తప్పు

అల్లుడు ఆడేది స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తుంది. ట్యాంకులు, ఇంజిన్లు పేర్చుకుని రాకెట్ కట్టుకోవాలి, ఎగరేయాలి. మొదటిసారి అందరూ ఒకటే చేస్తారట. ట్యాంకులు నిండా పెట్టి, నిట్టనిలువుగా పైకి కొట్టేస్తారు. నేనూ అదే చేశాను. గాలి పొర దాటాను, నల్లటి ఆకాశం వచ్చింది, గెలిచాననుకున్నాను. కాసేపటికి రాకెట్ ఆగింది, తిరిగి నేరుగా నేల మీదికే వచ్చింది.

"అంత ఎత్తుకు పోయినా ఎందుకు పడ్డదిరా?" అంటే అల్లుడు నవ్వాడు. "ఎత్తు గాదు మామా, పక్కకు స్పీడ్ కావాలె."

ఈ ఒక్క మాట తెలియకే నా ఇంటర్ ప్రాక్టికల్స్ వైవాలో "ఉపగ్రహం ఎందుకు పడదు?" అంటే "అక్కడ గ్రావిటీ ఉండదు సార్" అన్నాను. అది తప్పని ఎవరూ చెప్పలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ గ్రావిటీ మన నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం. మరి ఎందుకు పడదు? నిజానికి అది పడుతూనే ఉంటుంది.

లెక్క చిన్నదే. ఏ వస్తువును వదిలినా మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి, తిన్నగా 7.9 కిలోమీటర్లు పోతే నేల కూడా 4.9 మీటర్లు కిందికి వంగిపోతుంది. అంటే సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతే, నువ్వెంత పడితే నేల అంత దిగుతుంది. ఎప్పటికీ పడుతుంటావు, ఎప్పటికీ నేల తగలదు. కొండ మీద ఫిరంగి పెట్టి న్యూటన్ ఊహించింది ఇదే. ఆ వేగంతో పోతే సుల్తానాబాద్ నుంచి హైదరాబాద్‌కు అర నిమిషం కూడా పట్టదు.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. దేశంలో ప్రైవేటు కంపెనీ తయారుచేసిన రాకెట్ ఒకటి అంతదాకా వెళ్లడం అదే మొదలు. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి బంగాళాఖాతంలో పడింది. ఫెయిల్ కాలేదు, దాన్ని పంపిందే అట్లా వెళ్లి రావడానికి. పైకి వెళ్లడం ఒక పని, చుట్టూ తిరగడం దానికంటే చాలా పెద్ద పని. ఈ తేడా అల్లుడికి వేళ్లతో తెలుసు. నాకు ఆ వయసులో తెలియదు.

ఇక్కడిదాకా పాయింటు అల్లుడికే.

పేలని యాప్ మీద రెండు మాటలు

ట్యూషన్ సార్ వాడేది వేరే. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు. నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. వాటిలో కొన్ని తెలుగులో కూడా దొరుకుతాయి. అందులో 'గ్రావిటీ అండ్ ఆర్బిట్స్' అనేదాంట్లో సూర్యుడు, భూమి, చంద్రుడు, ఉపగ్రహం ఉంటాయి. వేగం బాణాన్ని వేలితో లాగి పెంచొచ్చు. సూర్యుడి బరువు మార్చొచ్చు. అన్నిటికంటే మంచిది, గ్రావిటీకే ఒక స్విచ్ ఉంటుంది. ఆఫ్ చేయొచ్చు.

అల్లుడి దోస్తుల అభిప్రాయం ఒక్క ముక్కలో, "బోర్ అన్నా. ఏదీ పేలదు."

సార్ అభిప్రాయం ఇంకోలా ఉంది. "పలాయన వేగం కక్ష్యా వేగానికి రూట్ టూ రెట్లు అని బోర్డు మీద నలభై సార్లు రాసిన. ఎవడూ నమ్మడు, బట్టీ పడ్తడు. దీంట్ల బాణాన్ని కొంచెం కొంచెం లాగుమంటా. గుండ్రం కాస్త కోడిగుడ్డు అయితది, ఇంకా లాగితే సాగుతది, ఒకటింబావు దాటి ఒకటిన్నర లోపల్నే ఎక్కడో తెగి వెళ్లిపోతది. అప్పుడు 7.9 ని 1.414 తోని గుణించుమంటా. 11.2 వస్తది. ఇగ వాడు మర్వడు."

దీంట్లోనూ ఒక కిటుకు తెలిసి ఉండాలి. మొదటి స్క్రీన్‌లో కనిపించేది మోడల్ మాత్రమే. కంటికి కనబడాలని గ్రహాలను పెద్దగా చేసి చూపిస్తారు. అసలు కొలతలు కావాలంటే 'టు స్కేల్' అనే రెండో స్క్రీన్‌కు పోవాలి. అక్కడ భూమి, సూర్యుడు చుక్కల్లా మిగిలి మధ్యలో అంతా ఖాళీయే ఉంటుంది. చాలామంది ఆ స్క్రీన్ తెరవరు. తెరవకపోతే సూర్యుడు మన పక్కింట్లోనే ఉన్నాడన్న బొమ్మ బుర్రలో ఉండిపోతుంది.

అందుకోవాలంటే స్పీడ్ తగ్గించాలి!

నా క్లాస్‌మేట్ ఆడేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. కంప్యూటర్‌లో ఆడేది, డబ్బులు పెట్టి కొనాలి. మెక్సికో కంపెనీ ఒకటి తయారుచేసింది, పూర్తి వెర్షన్ 2015లో వచ్చింది. ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టి గంట వదల్లేదు.

"ముందు పోతున్న స్టేషన్‌ను అందుకోవాలంటే ఏం చేస్తవ్?" అని అడిగాడు.

"స్పీడ్ పెంచుత" అన్నాను.

"పెంచితే నీ కక్ష్య పెద్దదైతది, చుట్టు తిరగడానికి ఎక్కువ టైమ్ పడ్తది, ఇంకా వెనకబడ్తవ్. తగ్గిస్తే కిందికి దిగుతవ్, చిన్న చుట్టు, తొందరగా అందుకుంటవ్. నాకు ఇది తెల్వడానికి మూడు నెలలు పట్టింది."

వాడే కాదు, అసలైన వ్యోమగాములే ఇక్కడ తడబడ్డారు. 1965 జూన్‌లో జెమినై-4లో వెళ్లిన జేమ్స్ మెక్‌డివిట్, తమ వెనకే తిరుగుతున్న రాకెట్ చివరి భాగం దగ్గరికి పోవాలని దాని వైపు తిప్పి ఇంజిన్ వేశాడు. దగ్గర కావడానికి బదులు అది దూరమైంది. ఇంధనం ఖర్చవుతోందని ప్రయత్నం మానేశారు. మన ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాలను ఒకదానికొకటి తగిలించింది 2025 జనవరి 16న. 2024 డిసెంబర్ 30న ఎగరేసిన వాటిని నెమ్మదిగా దగ్గరికి తేవడానికి రెండు వారాలు దాటాయి. ఆ రోజుల్లో "తగిలించడానికి ఇంత సేపా?" అని మీమ్స్ పెట్టిన మనవాళ్లు ఒక్కసారి కెర్బల్‌లో ప్రయత్నించి ఉంటే బాగుండేది.

అయితే ఈ ఆటలోనూ ఒక అబద్ధం ఉంది, వాడే ఒప్పుకున్నాడు. అందులోని భూమిలాంటి గ్రహం పేరు కెర్బిన్. దాని వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, మన భూమిది 6,371. నేల మీద గ్రావిటీ మాత్రం మనంతే పెట్టారు. అందుకని అక్కడ కక్ష్యకు సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు చాలు. ఇంకోటి, అందులో ఒక సమయంలో ఒక్క గ్రహమే రాకెట్‌ను లాగుతుంది. భూమి, సూర్యుడు ఇద్దరూ కలిసి లాగే లెక్క లేదు. కాబట్టి మన ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న చేరిన చోటు, సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఆ ఎల్1, ఆ ఆటలో ఉండనే ఉండదు. విడిగా దొరికే ప్రిన్సిపియా అనే మాడ్ వేసుకుంటే అప్పుడు వస్తుంది. అన్నీ అన్నిటినీ లాగే లెక్క కావాలంటే యూనివర్స్ శాండ్‌బాక్స్ అని ఇంకోటుంది, అదీ కంప్యూటర్‌కే.

ఆమె భూమి ఎందుకు తప్పిపోయింది?

అల్లుడి దోస్తు వాళ్ల అక్క కరీంనగర్‌లో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతోంది. ఆమె ఎవరి యాప్ వాడలేదు, పైథాన్‌లో సొంతంగా రాసుకుంది. ముప్పై లైన్లు కూడా లేవు. సూర్యుడు మధ్యలో, భూమి చుట్టూ. నడిపిస్తే భూమి కొన్ని చుట్లు తిరిగి, మెల్లగా బయటికి జరుగుతూ జరుగుతూ పోయింది.

"ఫార్ములా పదిసార్లు చూసుకున్న అన్నా. కరెక్టే ఉంది" అంది.

ఫార్ములా కరెక్టే. తేడా అడుగులో ఉంది. కంప్యూటర్‌కు వంపు తెలియదు, చిన్న చిన్న తిన్నటి అడుగులు వేస్తుంది. వేగం, చోటు రెండిటినీ పాత లెక్కల మీదే ఒకేసారి మారిస్తే, ప్రతి అడుగుకూ భూమి పిసరంత బయటికి జారుతుంది. అడుగు ఎంత పెద్దదైతే అంత తొందరగా జారుతుంది. మందు సులువు. ముందు వేగాన్ని మార్చు, ఆ కొత్త వేగంతోనే భూమిని జరుపు. రెండు లైన్లు అటూ ఇటూ మార్చింది. భూమి చెప్పిన మాట విన్నట్టు ఇంటి చుట్టే తిరగడం మొదలుపెట్టింది.

కోడింగ్ వస్తున్నవాళ్లకు ఇది ఈ వారం నా కానుక. మీ గ్రహం తప్పిపోతే న్యూటన్‌ను తిట్టకండి, ముందు ఆ రెండు లైన్లు చూడండి.

మరి 17 ఎందుకొచ్చాయి?

ఇన్ని విన్నాక అల్లుడి ఆన్సర్ పేపర్ అడిగి తీసుకున్నాను. గ్రావిటేషన్ ప్రశ్న ఒకటుంది. కక్ష్యా వేగం అంటే ఏమిటి, సమీకరణం రాబట్టండి. నాలుగు మార్కులు. వందసార్లు రాకెట్ ఎగరేసినవాడికి ఒకటే వచ్చింది. వాడు రాసింది ఇంతే, రాకెట్ పైకి పోయినాక పక్కకు వంచి స్పీడ్ పెంచాలి, అప్పుడు తిరుగుతుంది.

సార్‌కు చూపించాను. "వీడు రాసింది తప్పు గాదు. అడిగింది అది గాదు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "వీళ్లు చూస్తరు. ముందుగాల చెప్పరు. చెప్పకుంట చూస్తే సినిమానే."

అది పరీక్షించి చూద్దామని నలుగురు పోరగాళ్లను కూర్చోబెట్టాను. బటన్ నొక్కకముందే అడిగాను. "ఉపగ్రహం కోడిగుడ్డు కక్ష్యలో తిరుగుతోంది. భూమికి బాగా దగ్గరికి వచ్చినప్పుడు ఇంజిన్ వేసి స్పీడ్ పెంచితే ఏ చివర పైకి లేస్తుంది?"

నలుగురూ నెలల తరబడి ఆడినవాళ్లే. ముగ్గురు "ఇంజిన్ వేసిన చివరనే" అన్నారు. అల్లుడొక్కడు అనుమానంగా "అవతలి చివర" అన్నాడు. ఎందుకు అంటే చెప్పలేకపోయాడు. నొక్కి చూశాం. దగ్గరి చివర ఉన్నచోటే ఉంది, అవతలి చివర దూరం జరిగింది.

చంద్రయాన్-3 చేసింది అదే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి ఎగిరినప్పుడు దాని దూరపు చివర దాదాపు 36,500 కిలోమీటర్లు. మరుసటి రోజు ఇంజిన్ వేశారు, 41,762 అయింది. జులై 20కి 71,351. జులై 25 నాటికి లక్షా 27 వేలు దాటింది. ఈ మొత్తం ఐదు విడతల్లో దగ్గరి చివర 170 నుంచి 240 కిలోమీటర్ల మధ్యే ఉంది. ఒక్క విడత తప్ప మిగతా అన్నిసార్లూ దగ్గరికొచ్చినప్పుడే ఇంజిన్ వేశారు, అప్పుడల్లా అవతలి చివరే సాగింది. చివరికి ఆగస్టు 1న చంద్రుడి వైపు మళ్లించారు, 5న చంద్రుడి కక్ష్యలోకి వెళ్లింది, 23న సాయంత్రం దిగింది. అపోలో-11కు చంద్రుడి మీద దిగడానికి నాలుగు రోజులే పట్టింది, దాని రాకెట్ అంత పెద్దది మరి. మనం ఇంధనం పొదుపు చేసి చుట్లతో వెళ్లాం.

ముందు చెప్పి, తప్పయి, ఎందుకు తప్పో కొట్లాడుకున్న ఆ ముగ్గురూ ఇప్పుడు ఆ జవాబు మర్చిపోరు. నెలల ఆటలో రానిది పది నిమిషాల పందెంలో వచ్చింది.

బావ పందెం

వారం అయింది. బావ దగ్గరికి వెళ్లాను. నా తీర్పు చెప్పకముందే ఫోన్ తీయమన్నాను. ఫెట్ తెరిచి, సూర్యుడి చుట్టూ తిరుగుతున్న భూమిని చూపించాను. అల్లుణ్ని, వాడి దోస్తుల్ని కూడా పిలిచాను.

"ఇప్పుడు గ్రావిటీ బంద్ చేస్త. భూమి ఎటు పోతది? అందరూ ముందు చెప్పాలె."

ఒకడు సూర్యుడికి ఎదురుగా, నేరుగా బయటికి అన్నాడు. ఇద్దరు తిరుగుతూ తిరుగుతూ దూరమైతది అన్నారు. అల్లుడు ఆలోచిస్తున్నాడు. బావ పదో తరగతి వరకే చదివాడు. స్క్రీన్ వైపు చూసి అన్నాడు.

"వడిసెల తాడు ఇడిసినట్టే గదా. సిన్నప్పుడు జొన్న సేన్ల మంచె మీద నిలవడి పిట్టలను కొట్టేది. రాయి నాకు ఎదురుంగ పోదు. ఇడిసినప్పుడు ఎటు మర్లి ఉంటే అటు సక్కగ పోతది. గందుకే ఎప్పుడు ఇడవాల్నో సూస్కోవాలె."

స్విచ్ నొక్కాను. భూమి ఆ క్షణంలో ఎటు వెళ్తోందో అటే, గీత గీసినట్టు తిన్నగా వెళ్లిపోయింది. పోరగాళ్లు బావ మొహంలోకి చూశారు. అల్లుడు మెల్లగా, "బాపూ, మరి వడిసెల తాడు పొడుగుంటే ఏమైతుండె?" అని అడిగాడు. రెండు వారాల్లో తండ్రిని వాడు అడిగిన మొదటి మాట అదే.

నా తీర్పు నేను చెప్పాను. బావా, ఇది ఆటనే. వాడన్నట్టు ఊరికే సదువు కాదు. ముందు నోటితో చెప్పి, నోట్‌బుక్కులో రాసి, తర్వాత నొక్కితే పనికొస్తుంది. లేకుంటే దుప్పటి కింద సినిమా.

బావ పూర్తిగా ఒప్పుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఆయన జేబులోకి వెళ్లిపోతుంది. సీఈసీ మాట వచ్చే పరీక్షదాకా వాయిదా పడింది, అంతే, రద్దు కాలేదు. కాకపోతే ఇప్పుడు మిల్లు నుంచి వచ్చి ఎనిమిదింటికి కొడుకు పక్కన కూర్చుంటున్నాడు. నోట్‌బుక్కులో వాడు ముందు ఏం రాశాడో చూశాకే నొక్కనిస్తున్నాడట. మొన్న అక్క ఫోన్ చేసి, "ఇప్పుడు ఇద్దరూ కల్సి లొల్లి వెడుతున్నరు తమ్మీ" అంది.

మీకూ ఒక పని. చంద్రుణ్ని ఇప్పుడున్న చోటే ఉంచి, వేగాన్ని సగానికి తగ్గిస్తే ఏమవుతుంది? వెంటనే భూమి మీద పడిపోతాడా, పొడుగాటి కోడిగుడ్డు చుట్టు తిరుగుతాడా? ముందు కాగితం మీద రాయండి. ఎందుకో కూడా రాయండి. ఆ తర్వాతే ఫోన్ తీయండి. వచ్చే వారం కలుద్దాం.